నేల లేకుండ పచ్చి మేత

చంద్రగిరి ప్రాంతమున పాడి నమ్ముకొన్న కుటుంబములు అనేకము. వానలు పడి స్వర్ణముఖిలో నీరున్నంతకాలము గట్ల మీద గడ్డి దొరకును. బావులు అడుగంటిన వేసవిలో మాత్రము పచ్చి మేత కరవగును. వట్టి వరిగడ్డితో, వేరుసెనగ కట్టెతో నెట్టుకొని వచ్చిన ఆవు పాలు తగ్గించును. మరల చూలు కట్టుటయు ఆలస్యమగును. తుదకు రైతు దానిని సంతకు తోలవలసి వచ్చును. అట్టి రోజులలో పశువును నిలుపుకొనుటకు కొంతవరకు తోడ్పడు పద్ధతి యొకటి ఉన్నది. అదే మట్టి లేకుండ మేతను మొలిపించుట.

పద్ధతి ఎట్లు వచ్చినది?

మొక్కకు కావలసినవి నీరు, లవణములు, వేళ్లకు గాలి. ఇవి అందినచో మట్టి లేకున్నను మొక్క పెరుగును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరికె అను శాస్త్రజ్ఞుడు 1929 ప్రాంతమున లవణములు కరిగించిన నీటిలో పంటలు పండించెను. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అను పేరు వచ్చినది. మన దేశమున 1946లో షాల్టో డగ్లస్ కాలింపాంగు ప్రాంతములో ఈ ప్రయోగములు ప్రారంభించెను. కూరగాయలకైతే లవణములు కొలిచి కలుపవలెను. మేతకు ఆ చిక్కు లేదు. మొలకకు వారము రోజులకు చాలు ఆహారము గింజలోనే ఉండును.

చేయు విధానము

1. పురుగు పట్టని, విరగని మొక్కజొన్న గింజలను కడిగి, తేలిన తాలును తీసివేయవలెను.

2. ఒక దినము నానబెట్టి, తడి గోనెసంచిలో మరియొక దినము కట్టి ఉంచినచో మొలక చూపును.

3. అడుగున రంధ్రములున్న ట్రేలలో పలుచగా పరువవలెను. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల ట్రేకు కిలోన్నర గింజలు చాలును.

4. ట్రేలను పందిరి నీడలో అరల మీద ఉంచి, రెండు గంటలకొకసారి చేతి స్ప్రేయరుతో తడుపవలెను. నీరు నిలువరాదు.

వారము దినములకు వేళ్లు చాపవలె అల్లుకొని, మేత జానెడు పెరుగును. ప్రతిదినము ఒక ట్రే మొదలుపెట్టినచో ప్రతిదినము ఒక ట్రే చేతికి వచ్చును. వేళ్లతో సహా విడదీసి పశువునకు వేయవచ్చును.

బరువు చూచి భ్రమపడవద్దు

గోవాలోని భారత వ్యవసాయ పరిశోధనా మండలి సంస్థ పరిశీలనలలో కిలో మొక్కజొన్నకు అయిదారు కిలోల మేత వచ్చినది. కాని ఈ పెరిగిన బరువంతయు నీరే. కిలో గింజలో సుమారు 900 గ్రాముల ఎండు పదార్థముండగా, దానినుండి వచ్చిన మేతలో 700 గ్రాములే మిగులును. తక్కినది మొలక పెరుగుటకే ఖర్చగును. కనుక దీనితోనే పశువు కడుపు నింప చూచినచో నష్టము తప్పదు. పాడి ఆవునకు దినమునకు 5 నుండి 10 కిలోలు, ఎండు మేతతో కలిపి వేయుట మంచిది. గింజల ధర, మీ శ్రమ లెక్కవేసి, వచ్చు పాలతో సరిచూచుకొనుడు. బావిలో నీరుండి, సెంటు నేలయైనను ఉన్నవారికి గడ్డి పెంచుకొనుటయే చౌక.

మరువరాని జాగ్రత్తలు

విత్తుటకు మందు పట్టించి అమ్ము విత్తనములను ఎన్నడును వాడరాదు. అవి పశువునకు విషము. జొన్నలు చౌకయని వాటిని మొలిపించరాదు. జొన్న నాము తిని పశువులు చచ్చుట మన పెద్దలెరిగినదే. లేత మొలకలోను ఆ విషమే ఉండును.

ఎండ తీవ్రమైనప్పుడు బూజు త్వరగా పట్టును. మేత ఎక్కువ కావలసిన వేసవిలోనే పెంపకము కష్టమగుట ఇందలి చిక్కు. పందిరి చుట్టు తడి గోనెపట్టలు కట్టి చల్లగా ఉంచుడు. ట్రేలను ప్రతిసారి బ్లీచింగు నీటితో కడిగి ఆరబెట్టుడు. బూజు పట్టిన మేతను దయతలచక పారవేయుడు, పశువునకు పెట్టరాదు.

మొదట రెండు ట్రేలతో ఒక ఆవునకు పెట్టి చూడుడు. పదిహేను దినములు పాలు కొలిచి వ్రాసికొనుడు. లెక్క కుదిరిన తరువాతనే పెంచుడు. యంత్రములు కొనుటకు తొందరపడవద్దు.