చూడిది కుడికి, కట్టనిది ఎడమకి

బ్రెజిల్ నడిబొడ్డున మాతో గ్రోసో దో సుల్ రాష్ట్రంలో ఫిబ్రవరి నెలంటే వానలు ఇంకా వదలని కాలం. ఎటు చూసినా మోకాటి ఎత్తు పచ్చిక. ఆ పచ్చికలోంచి తోలుకొచ్చిన తెల్లావులు కొయ్య దొడ్లో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయి. ఒక్కో ఆవూ ఇరుకు సందులోకి వస్తుంది. పశువైద్యుడు భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకున్న చెయ్యి వెనకనుంచి లోపలికి పోనిచ్చి, అల్ట్రాసౌండ్ తెర చూస్తాడు. ఆవుకు నిమిషం కూడా పట్టదు. చూడిదైతే ఒక కేక, కాకపోతే ఇంకో కేక. రెండో కేక వినపడితే కొన్నిచోట్ల తోక కుచ్చు కత్తిరిస్తారు, దూరం నుంచి చూసినా ఆనవాలు తెలియాలని. చూడిది కుడి గేట్లోంచి మళ్ళీ పచ్చిక బయలుకి, కట్టనిది ఎడమ గేట్లోంచి అమ్మకపు దొడ్డికి.

ఆ ఆవుల జాతి పేరు నెలోరి. మన నెల్లూరే పోర్చుగీసు నాలుక మీద అలా మారింది. జాతి మాత్రం ఒంగోలుది. 1868లో ఒంగోలు పశువుల జత ఒకటి సాల్వడార్ రేవులో దిగిందని అక్కడి చరిత్రకారులు రాశారు. 1878లో లెమ్‌గ్రూబెర్ అనే పెంపకందారు జర్మనీ వెళ్ళి, హాంబర్గ్ జంతుశాల నుంచి ఇంకో జత కొన్నాడు. 1938లో జాతి నమోదు పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో ఆఖరి పెద్ద దిగుమతి జరిగింది. అప్పుడు వెళ్ళిన ఆబోతుల్లో ఒకదాని పేరు కరవది. ఒంగోలు పక్కనున్న ఆ ఊరి పేరే దానికీ పెట్టారు. దాని సంతానం ఇవాళ బ్రెజిల్ వంశవృక్షాల్లో ఎక్కడ పడితే అక్కడ కనపడుతుంది. ఆ దేశంలోని 20 కోట్లకు పైబడిన పశువుల్లో మాంసానికి పెంచేవి అత్యధికం నెలోరివో, నెలోరి సంకరాలో.

మన దగ్గర ఒంగోలు గిత్తను ఎంచేటప్పుడు రైతు చూసింది మూపురం, గంగడోలు, నడక, సుడులు. కావలసింది నల్లరేగడిలో నాగలి లాగే ఒడ్డూ పొడుగూ. బ్రెజిల్ రైతుకు నాగలితో పని లేదు. అతను అమ్మేది మాంసం. అందుకే అతని ప్రశ్న గిత్త దగ్గర కాక ఆవు దగ్గర మొదలవుతుంది: ఇది ఏటా ఒక దూడను ఇస్తుందా?

అడగడం తేలికే, లెక్కే ఇరుకు. నెలోరి ఆవు దూడను మోసేది సుమారు 290 రోజులు. యూరప్ జాతుల కంటే వారం, పది రోజులు ఎక్కువ. ఏడాదిలో 290 పోతే మిగిలేది 75. ఈనిన తరువాత గర్భసంచి మామూలు స్థితికి రావడానికే నెలకు పైగా పడుతుంది. ఇక చేతిలో ఉండేవి 40 రోజులు. ఆవు ఎదకు వచ్చేది 21 రోజులకోసారి. అంటే గట్టిగా రెండు అవకాశాలు. ఆ రెండూ తప్పిపోతే వచ్చే ఏడు ఈత వెనక్కి జరుగుతుంది, ఆ పై ఏడు ఇంకా వెనక్కి.

పైగా ఈ జాతికి ఒక స్వభావం ఉంది. దూడ పొదుగు కుడుస్తున్నంత కాలం ఎద అణగి ఉంటుంది. తల్లి బక్కచిక్కితే మరీను. కొందరు పెంపకందారులు సమయం చూసి దూడను 48 గంటలు తల్లికి దూరంగా కడతారు. ఆ రెండు రోజులూ దొడ్డంతా అరుపులే. కానీ ఎద కదలడానికి అదొక ఉపాయం.

వేళ తప్పకూడదంటే దాటించే కాలానికి హద్దు పెట్టాలి. మధ్య బ్రెజిల్‌లో అది నవంబరు నుంచి జనవరి దాకా, దాదాపు 90 రోజులు. వానలు కురిసి పచ్చిక లేచే కాలంలో ఆవులు చూడి కడతాయి. ఈతలు ఆగస్టు చివర మొదలై నవంబరుకు ముగుస్తాయి. అది ఎండు రుతువు చివర. నేల పొడిగా ఉంటుంది కాబట్టి పసిదూడలకు పిడుదులు, ఈగలు, రొంప తక్కువ. తల్లికి పాల అవసరం పెరిగే సమయానికి మళ్ళీ వానలొచ్చి కొత్త పచ్చిక అందుతుంది. మే నెల ప్రాంతంలో గడ్డి ఎండుతుండగా దూడకు పాలు మాన్పిస్తారు. తల్లి మళ్ళీ ఈనేలోగా ఒళ్ళు చేయడానికి అది వ్యవధి. ఆ గడ్డి కూడా అక్కడిది కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియేరియా. ఎంబ్రాపా పరిశోధన సంస్థ 1984లో విడుదల చేసిన మరాండు రకం ఆ నేలలను కమ్మేసింది.

ఇప్పుడు చాలామంది ఎద కోసం కాచుకుని కూర్చోరు. మొదటి రోజు ప్రొజెస్టిరాన్ హార్మోను విడిచే చిన్న సాధనాన్ని ఆవు యోనిలో అమరుస్తారు. ఎనిమిదో రోజు తీసి ఇంజెక్షన్లు చేస్తారు. పదో రోజు ఎద గుర్తించే పని లేకుండా మంద మొత్తానికీ వరసగా వీర్యదానం. సుమారు సగం చూడి కడతాయి. మిగిలినవాటికి రెండో విడత, ఆ పైన మిగిలినవాటి మధ్యకు ఆబోతులు. 100 ఆవులతో మొదలుపెడితే మొదటి విడతకు 50, రెండో విడతకు 25, ఆబోతుల వల్ల ఇంకొన్ని. చివరికి పది పదిహేను మాత్రమే మిగిలితే ఆ ఏడాది బాగా జరిగినట్టే.

మంద అంతటికీ ఒకే వీర్యం వాడరు. యాంగస్ జాతి వీర్యం వేస్తే నల్లని సంకర దూడలు వేగంగా ఎదుగుతాయి, ధర పలుకుతాయి. కానీ అన్నిటికీ అదే వేస్తే రేపు ముసలావుల స్థానంలోకి రావలసిన నెలోరి పెయ్యలు పుట్టవు. ఏ ఆవుకు ఏది అన్న జాబితాను ముందే రాసుకుంటారు.

ఆబోతుకూ పరీక్ష తప్పదు. దాటించే కాలానికి ముందు వృషణాల చుట్టుకొలతను టేపుతో కొలుస్తారు, వీర్యం సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ కొలత ఎక్కువున్న ఆబోతు కూతుళ్ళు తొందరగా ఎదకు వస్తాయని గమనించారు కనుక దానికి అంత విలువ. ఒక్కో ఆబోతు కింద 25 నుంచి 30 ఆవులు ఉంటాయి. ఆబోతులో లోపం ఉంటే ఫిబ్రవరిలో ఎడమ గేటు దాటేది ఏ తప్పూ లేని పాతిక ఆవులు.

ఈతల కాలంలో చూడి ఆవులను ఇంటి దగ్గరి పచ్చికలోకి మారుస్తారు. నెలోరి దూడ సుమారు 30 కిలోలు ఉంటుంది. చాలావరకు మనిషి చెయ్యి పడకుండానే పుడుతుంది, త్వరగానే లేచి నిలబడుతుంది. కాపరి పని ఆ తరువాతది. తల్లి కొమ్ములు విసురుతున్నా దూడను పక్కకు లాగి బొడ్డుకు అయోడిన్ రాయాలి. అక్కడి ఈగ పచ్చి బొడ్డు మీద గుడ్లు పెడితే పురుగులు మాంసంలోకి తొలుస్తాయి. దూడ జున్నుపాలు తాగిందో లేదో చూడాలి. కొన్ని ఆవుల చన్నులు సీసా అంత లావుంటాయి, పసిదానికి నోట పట్టవు. అలాంటి ఆవు సంఖ్య పుస్తకంలో రాసుకుంటాడు. దాని పేరు ఆ రోజే సగం కొట్టేసినట్టు.

ముందు ఈనిన ఆవుకు ఎందుకంత విలువో తూకం చెబుతుంది. దూడ రోజుకు 700 గ్రాములు పెరుగుతుందనుకుంటే, 60 రోజులు ఆలస్యంగా పుట్టినది పాలు మాన్పించే నాడు 42 కిలోలు తక్కువ తూగుతుంది. తల్లి తిన్న గడ్డి మాత్రం అంతే.

చూలు నిలవని ఆవు లెక్క ఇంకా కరుకు. ఈ ఫిబ్రవరిలో కట్టలేదని తేలిన ఆవును ఉంచేశారనుకుందాం. మళ్ళీ నవంబరులో దాటించాలి. ఆ పై సెప్టెంబరులో ఈనుతుంది. ఆ దూడ అమ్మకానికి వచ్చేది ఇంకో మే నెలకు. ఈ ఏటి దూడకూ ఆ దూడకూ మధ్య రెండేళ్ళు. అమ్మేస్తే, వానాకాలపు పచ్చిక మీద కొన్ని నెలలు ఒళ్ళు చేసి కబేళాలో ధర తెస్తుంది. అక్కడ ధర కట్టేది 15 కిలోల తూకానికి, దాన్ని అరోబా అంటారు. ఆ డబ్బుతో పెయ్యను మందలోకి తేవచ్చు.

తొలిసారి ఈనిన ఆవు దగ్గర మాత్రం చెయ్యి తడబడుతుంది. దానికి ఇంకా ఎదుగుదల ఆగలేదు, పళ్ళు మారుతున్నాయి, పైగా దూడకు పాలివ్వాలి. రెండో చూలు నిలవకపోవడం దానికే ఎక్కువ. అందుకని కొందరు దానికి మంచి పచ్చిక విడిగా కేటాయిస్తారు, కొందరు ఇంకో ఏడాది గడువిస్తారు. ఆ గడువు కూడా ఇవ్వనివాళ్ళున్నారు. ఎండు గడ్డి మీద ఏటా ఈనలేని ఆవు కూతుళ్ళలోనూ ఆ లక్షణమే దిగుతుందని వాళ్ళ వాదన. దూడల ధర ఎక్కిన ఏళ్ళలో ఆడవాటిని అట్టిపెట్టుకుంటారు, పడిన ఏళ్ళలో కబేళాలు ఆవులతో నిండుతాయి.

మన పల్లెల్లో ఇదే ఆవుకు దారి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గోవధ నిషేధ చట్టం 1977 నుంచీ ఉంది. చూడి కట్టక పొర్లే ఆవు సంతకో గోశాలకో చేరుతుంది, లేదంటే దొడ్లోనే ముసలిదవుతుంది. గిత్త ఎంపిక పందేల బరిలో ఇప్పటికీ నిక్కచ్చిగానే జరుగుతుంది. ఆవు ఎంపికకు అంత పట్టింపు ఏర్పడలేదు.

2023లో వియాటినా-19 అనే నెలోరి ఆవులో మూడో వంతు వాటా 69.9 లక్షల రియాళ్ళకు వేలంలో అమ్ముడైంది. ఆ లెక్కన ఆవు ధర 2 కోట్ల 10 లక్షల రియాళ్ళు. తూకం 1,101 కిలోలు. మన పత్రికల్లోనూ ఆ వార్త గర్వంగా వచ్చింది. ఆ ఆవుకు పచ్చిక మీద ఏటా ఈనే పని లేదు. దాని అండాలతో తయారైన పిండాలను వేరే ఆవులు మోస్తాయి. ఆ మోసే ఆవులకు మాత్రం చూడి పరీక్ష ఉంది.

పరీక్ష ముగిసిన సాయంత్రం దొడ్డిలో మిగిలేది పేడ, కత్తిరించిన తోక వెంట్రుకలు, రెండు వరసల సంఖ్యలున్న పుస్తకం. పక్క దొడ్లో కొత్త పెయ్యలను లెక్కపెడుతున్నారు. పాత పద్ధతిలో అవి మూడేళ్ళ వయసుకు గానీ ఈనేవి కావు. ఇప్పుడు కొందరు 14 నెలలకే దాటించి చూస్తున్నారు. నవంబరులో వాటికీ 90 రోజులే.