నీళ్ళ మీద ఒక పగలు

పడవ షికారు అంటే గోదావరి జిల్లాల వారికి పుట్టుకతో వచ్చిన హక్కు. మా గుంటూరు, ఒంగోలు సీమల వారికి ఆ భాగ్యం తక్కువ. నల్లరేగడి నేలలు, మిరప తోటలు, పత్తి చేలు, మాడ్చే ఎండ, ఇవీ మా సంపద. ఏ సూర్యలంకకో కొత్తపట్నానికో పోయి సముద్రంలో మోకాలి బంటి నీళ్ళలో నిలబడి రావడమే మాకు జలక్రీడ. లాంచీ ఎక్కి, కొండల నడుమ నీళ్ళ మీద గంటసేపు పోయి, దీవిలో దిగి, పొద్దంతా తిరిగి రావాలంటే ఎక్కడికో దూరదేశం పోవాలని మాలో చాలామంది అనుకుంటారు.

వియత్నాం దేశంలో హాలాంగ్ అనే అఖాతం ఉన్నది. ఒకనాటి సున్నపురాతి కొండల మధ్యకు సముద్రం చొరబడడంతో ఆ కొండలన్నీ దీవులై నిలిచాయట. లోకమంతా డబ్బు కట్టి చూసి వస్తుంది. అటువంటి వింతే మన పల్నాటిలోనూ ఉన్నది. తేడా అల్లా ఒక్కటే. అక్కడ కొండలను దీవులు చేసింది సముద్రం. ఇక్కడ మనుషులు కట్టిన ఆనకట్ట. ఆ దీవి పేరు నాగార్జునకొండ.

మొన్న కార్తికమాసంలో వనభోజనాలకు ఎక్కడికి పోదామన్న చర్చ వచ్చినప్పుడు, ఈసారి తోటలో కాదు, దీవిలోనే అన్నాను. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా మేనత్త, అద్దంకి వైపు మిరప తోట వేసే మా బాబాయి, వెరసి ఆరుగురం. పులిహోర, దద్దోజనం, గోంగూర పచ్చడి గిన్నెల కెత్తుకుని కోడి కూయకముందే బయలుదేరాము.

నరసరావుపేట దాటి పిడుగురాళ్ళ చేరేసరికి తెల్లవారింది. అక్కడి సున్నపు బట్టీల పొగ, గురజాల దాటాక రెంటచింతల, వేసవిలో ఎండలకు పేరుమోసిన ఊరు, ఆ తరువాత బ్రహ్మనాయుడి కథలతో ముడిపడిన మాచర్ల చెన్నకేశవస్వామి గుడి గోపురం. దారి పొడుగునా పత్తి తీతలు సాగుతున్నాయి. మిరప తోటలు పూత మీద ఉన్నాయి. మాచర్ల నుంచి మరో పాతిక కిలోమీటర్లు పోతే కృష్ణ కుడిగట్టున విజయపురి సౌత్. లాంచీల రేవు అక్కడే.

లాంచీ ఎక్కగానే మెడలో లైఫ్ జాకెట్టు వేశారు. మా అత్తయ్య, "ఇదేమిట్రా, పట్టుచీర మీద ఈ బొంత?" అని గునిసింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఎందరు పోయారో గుర్తు చేశాను. మరి మాట్లాడకుండా తానే ముడి బిగించుకున్నది. పిల్లలకు కూడా విప్పవద్దని ఆజ్ఞ జారీ చేసింది.

రేవు వదిలి కాస్త లోపలికి పోగానే వెనక ఆనకట్ట కనబడుతుంది. దానిని కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. ఎత్తు దాదాపు 124 మీటర్లు, గేట్లు 26. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. నడుమ పన్నెండేళ్ళు వేలాది మంది కూలీలు రాయి మోసి, రాయి పేర్చి లేపిన గోడ అది. ఇంత నీటిని ఆపిన ఆ గోడ వెనక్కి పోతూపోతూ అగ్గిపెట్టెంత అయిపోయింది.

ఇక చుట్టూ నీళ్ళు, నీళ్ళకు అంచులుగా నల్లమల కొండలు. దగ్గరివి పచ్చగా, వాటి వెనకవి నీలంగా, ఇంకా వెనకవి పొగమంచులా ఉన్నాయి. చిన్నచిన్న దిబ్బలు తలలు మాత్రం పైకెత్తి చూస్తున్నట్లున్నాయి. వాటి మీద రెక్కలారబెట్టుకుంటూ నీటికాకులు. గుండ్రటి పుట్టిలో కూర్చుని ఒకడు వల లాగుతున్నాడు. ఆ పుట్టి తిరిగినప్పుడల్లా మా చిన్నవాడు, "వాడికి కళ్ళు తిరగవా నాన్నా?" అని అడుగుతున్నాడు.

మా పక్క బల్ల మీద ఎనభై యేళ్ళ వృద్ధు డొకాయన మనుమడితో కూర్చున్నాడు. మిగతా వారందరూ కొండల వైపు చూస్తుంటే ఆయన నీళ్ళలోకి చూస్తున్నాడు. కాసేపటికి మనుమడికి వేలుపెట్టి చూపిస్తూ, "అదిగో, ఆ రెండు కొండల సందున. మన ఊరు" అన్నాడు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేదు.

మా అత్తయ్య ఊరుకుంటుందా? "ఏ ఊరన్నయ్యా మీది?" అని కదిలించింది. ఆయన పేరు చెప్పి నవ్వాడు. "ఇప్పుడు పటాల్లో ఉండదులే అమ్మా. వేసవిలో నీళ్ళు దిగినా తేలదు. ఏటా కార్తికంలో ఒకసారి వచ్చి పైనుంచి చూసి పోతాను" అన్నాడు.

దీవి మీద ఏమున్నదో చెప్పేముందు, నీళ్ళ కింద ఏమున్నదో చెప్పాలి. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ. నడుమ దాదాపు ఇరవై నాలుగు చదరపు కిలోమీటర్ల లోయ. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, శాతవాహనుల తరువాత, ఇక్ష్వాకులు ఆ లోయలో విజయపురి అనే రాజధాని కట్టుకున్నారు. శాంతమూలుడు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు అక్కడ ఏలారు. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధ భక్తురాలు. అక్కడి మహాచైత్యాన్ని తిరిగి కట్టించి శాసనం వేయించింది. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు స్తూపం కట్టించింది, ఎవరినీ ఎవరూ కాదనలేదు. ఇంకో ముచ్చట. వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడాడు. ఈ మాట చెప్పగానే మా అత్తయ్య మా ఆవిడ వంక అదోలా చూసింది. నేను కొండల వైపు చూశాను.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళం నుంచి వచ్చిన భిక్షువుల ప్రస్తావన ఉన్నది. కాశ్మీరు, గాంధారం, చీనా మొదలైన దేశాల పేర్లూ కనబడతాయి. ఇప్పుడు మాచర్ల దాకా రావడానికే ఆపసోపాలు పడే మనకు, పదిహేడు వందల యేళ్ళనాడు ఆ మూల లోయకు దేశదేశాల వారు రావడం నమ్మబుద్ధి కాదు.

తరువాత అంతా అడవి కప్పేసింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పాత రాతిస్తంభం చూసి, ఇదేదో విశేషమని మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ తరువాత లాంగ్‌హర్‌స్ట్ దొర తవ్వించాడు. 106 అడుగుల వ్యాసం గల మహాచైత్యంలో, చిన్న బంగారు భరిణెలో ఒక అస్థి శకలం దొరికింది. దాన్ని తరువాత సారనాథ్ విహారానికి అప్పగించారు. బడిపంతులు ఆ స్తంభాన్ని మామూలు రాయి అనుకుని దాటిపోయి ఉంటే ఈ కథ ఎప్పుడు బయటపడేదో!

ఆనకట్ట తలపెట్టగానే ఆ లోయ మునుగుతుందని తేలింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వారు లోయనంతా తవ్వారు. రాతియుగపు మనుషుల ఆనవాళ్ళ నుంచి మధ్యయుగపు గుళ్ళ దాకా బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు తొమ్మిదింటిని విప్పి, కొండ మీదికీ, తూర్పు గట్టున ఉన్న అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు నిర్మించారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుళ్ళను కోసి పైకెత్తిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. ఆ పని 1964లో మొదలయింది. మనవాళ్ళు అంతకు పదేళ్ళ ముందే పలుగూ పారా పట్టుకుని లోయలోకి దిగారు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పే వారే తక్కువ.

లాంచీ దీవి చేరింది. ఒకప్పుడు లోయలోని వారు తలెత్తి చూసిన కొండ శిఖరమే ఈ దీవి. నీడనిచ్చే చెట్లు, పాతకాలపు కోటగోడలు, గడ్డి మధ్య తిరిగి కట్టిన స్తూపాలు. ఇక్ష్వాకుల నాటి నదీ స్నానఘట్టాన్ని కూడా ఇక్కడికి తెచ్చి అమర్చారు. మ్యూజియంలో మనిషిని మించిన ఎత్తున బుద్ధ విగ్రహం నిలబడి ఉన్నది. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన జాతక కథల ముందు పిల్లలు కదలలేదు. కొమ్ముపాత్ర చేతబట్టిన పరదేశి బొమ్మ, సిథియన్ల వేషంలో ఉన్న భటుల బొమ్మలు చూసి మా పెద్దవాడు, "వీళ్ళు మన ఊరికి ఎందుకొచ్చారు?" అన్నాడు. పత్తి, మిరప కోసం మన యార్డులకు పై రాష్ట్రాల వర్తకులు రావడం లేదా? అట్లాగే అన్నాను. ఆనాడు మిరప లేదనుకోండి. అది పోర్చుగీసు వారి కాలంలో అమెరికా ఖండం నుంచి వచ్చింది.

వృద్ధుడిని మళ్ళీ స్తూపం దగ్గర కలిశాము. చెట్టు కింద విస్తరి వేసి భోజనానికి రమ్మన్నాము. మొహమాటపడుతూనే వచ్చి కూర్చున్నాడు. తింటూ తింటూ తిరిగి కట్టిన ఒక గోడ వైపు చెయ్యి చూపి అన్నాడు.

"ఇందులో రాళ్ళు కొన్ని నేనూ మోశాను బాబూ. అప్పటికి కుర్రాణ్ణి. ఏ రాయి ఎక్కడిదో తప్పిపోకుండా నెంబర్లు వేసేవారు. మహా జాగ్రత్త. ఇటుక చెదిరితే ఊరుకునేవారు కాదు. ఆ పని కాగానే మా ఊరు ఖాళీ చేశాము. మా ఇంటి రాళ్ళకు ఎవరూ నెంబర్లు వెయ్యలేదు."

ఆ మాట కోపంగా అనలేదు. మజ్జిగ అడిగినంత మామూలుగా అన్నాడు.

మా బాబాయి అంతదాకా నోరు విప్పలేదు. ఆయన పొలం అద్దంకి బ్రాంచి కాలవ చివరి భూముల్లో ఉన్నది. నీళ్ళు అందిన యేడు పంట, అందని యేడు అప్పు. తూము దగ్గర పై రైతులతో ఆయన పడ్డ తగాదాలు మా ఇంట్లో భారతమంత ఉన్నాయి. మెల్లగా అడిగాడు: "మరి మీకు ఇచ్చిన భూమికి కాలవ నీళ్ళు వస్తాయాండీ?"

"రావు బాబూ. మాది కాలవకు ఎగువన. మెట్ట. పత్తి వేస్తాం, వాన పడితే పండుతుంది."

బాబాయి విస్తట్లో ముద్ద కలిపి అట్లాగే ఉంచాడు. కాసేపాగి, ఇంటినుంచి తెచ్చిన ఎండుమిరప కారం పొట్లం విప్పి ముసలాయన విస్తట్లో వడ్డించాడు. "మీ ఊరి మీది నీళ్ళతో పండిందే. తినండి" అన్నాడు. ఆయన నంజుకుని, "ఘాటుగానే ఉంది" అని నవ్వాడు.

సాయంత్రం లాంచీ దిగి, విజయపురి సౌత్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఉన్న అనుపుకు పోయాము. లోయ నుంచి తెచ్చి కట్టిన రంగస్థలం అక్కడ ఉన్నది. నాలుగు పక్కలా మెట్లు, నడుమ ఆటస్థలం. అడుగున నిలబడి మా చిన్నవాడు మాట్లాడితే పై మెట్టు మీద మా అత్తయ్యకు స్పష్టంగా వినిపించింది. వాడు అడిగింది మిగిలిన పులిహోర గురించి అయినా, శబ్దశాస్త్రం రుజువయింది.

తిరుగుదారిలో కుడికాలవ తలదూముల దగ్గర బాబాయి కారు ఆపించాడు. నీళ్ళు నురగలు కక్కుతూ కాలవలోకి దూకుతున్నాయి. దాని పేరు జవహర్ కాలవ. పొడుగు రెండు వందల కిలోమీటర్ల పైమాట. పల్నాడు నుంచి ప్రకాశం దాకా సుమారు పదకొండు లక్షల ఎకరాల ఆయకట్టు దాని మీద ఆధారపడి ఉన్నది. ఒంగోలు పట్నం తాగే నీళ్ళూ అక్కడివే. "ఇన్నేళ్ళూ ఈ నీళ్ళు మా దాకా ఎందుకు రావని తిట్టుకున్నాను గాని, ఎక్కడినుంచి వస్తున్నాయని అడగలేదురా" అన్నాడు బాబాయి.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. వానలు వెనకబట్టి, జలాశయం నిండుగా ఉండే కార్తికం నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువైనా, నీరు తగ్గినా లాంచీలు ఆపుతారు కనుక ముందుగా కనుక్కుని బయలుదేరాలి. పొద్దున మొదటి లాంచీ పట్టుకుంటే దీవి, అనుపు, వీలైతే దారిలో ఎత్తిపోతల జలపాతం కూడా ఒక్కరోజులో చూడవచ్చు. టోపీ, మంచినీళ్ళు మరవకండి. ప్లాస్టిక్కు సంచులు మాత్రం నీళ్ళలో వెయ్యకండి. అవి మళ్ళీ మన తూముల్లోకే వస్తాయి.

ఇంకొక్క మాట. లాంచీలో అందరూ కొండల పక్క చోటు కోసం తోసుకుంటారు. పెద్దవాళ్ళెవరైనా నీళ్ళలోకి చూస్తూ కనబడితే, పిల్లలను తీసుకుపోయి వారి పక్కన కూర్చోబెట్టండి. మ్యూజియంలో లేని సంగతులు వారి దగ్గర ఉంటాయి. అవి ఇంకెన్ని కార్తికాలు దొరుకుతాయో!