దేవుడి ఉనికికి రుజువు: కాంట్ విచారణ

దేవుడున్నాడని తర్కంతో నిరూపించవచ్చని 17, 18 శతాబ్దాల ఐరోపా తత్వవేత్తల్లో చాలామంది నమ్మారు. దేవుడంటే ఏ లోపమూ లేని పరిపూర్ణుడు, ఉనికి లేకపోవడం లోపమే కనుక ఆయన ఉండి తీరాలన్నది 1641లో రెనే డెకార్ట్ చేసిన వాదం. ప్రతిదానికీ కారణం ఉన్నప్పుడు మొత్తం లోకానికీ ఒక కారణం ఉండాలన్నాడు లైబ్నిజ్. సృష్టిలోని అమరికను చూసి సృష్టికర్త ఉన్నాడనుకునే మూడో వాదమే జనానికి ఎక్కువగా నచ్చింది.

ఈ మూడోదాన్ని స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ హ్యూమ్ నిలదీశాడు. ఇంటిని చూసి కట్టినవాడు ఉన్నాడంటాం, ఇళ్లు కట్టడం మనం చూశాం కాబట్టి. లోకాలు తయారవడం ఎవరు చూశారు? ఈ చర్చ ఉన్న పుస్తకం హ్యూమ్ పోయిన మూడేళ్లకు, 1779లో అచ్చయింది.

మూడింటినీ కలిపి పరీక్షించినవాడు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ ఆచార్యుడు ఇమ్మానుయేల్ కాంట్. 1763లో తానూ ఒక రుజువు ప్రతిపాదించినవాడే. 1781లో వెలువడిన ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’లో వంద వెండి నాణేల ఉదాహరణ ఇచ్చాడు. మనసులో ఊహించుకున్న వందకీ చేతిలో ఉన్న వందకీ లెక్కలో తేడా ఏమీ లేదు. కానీ ఊహించుకున్నంత మాత్రాన చేతికి డబ్బు రాదు. అంటే ఉనికి ఒక వస్తువు గుణాల్లో ఒకటి కాదు. నిర్వచనంలోంచి దాన్ని పిండుకోలేం. మిగతా రెండు వాదాలూ చివరికి ఈ మొదటిదాని మీదే ఆనుకున్నాయని కాంట్ తేల్చాడు. కార్యకారణ సంబంధం మన అనుభవానికి అందేవాటికే వర్తిస్తుంది, దానికి అవతల ఉన్నదాన్ని అది పట్టి ఇవ్వలేదు.

ఈ విచారణలో తరచూ మరుగునపడే సగం ఒకటుంది. దేవుడు లేడని నిరూపించడం కూడా అంతే అసాధ్యమని కాంట్ చెప్పాడు. ఆస్తికుడికి లేని సాక్ష్యం నాస్తికుడికీ లేదు.

1788 నాటి రెండో ‘క్రిటిక్’లో ప్రశ్న నీతివైపు మళ్లింది. ధర్మంగా బతికేవాడు సుఖానికి అర్హుడు, కానీ లోకంలో ఆ రెండూ జతకూడడం లేదు. అవి ఏనాటికైనా కలుస్తాయని ఆశించాలంటే దేవుణ్ణి నమ్మవలసి వస్తుంది. దీన్ని కాంట్ నమ్మకం అన్నాడే గానీ జ్ఞానం అనలేదు. ఆ తేడా చెరిపేస్తే 1781 నాటి శ్రమంతా వృథా.

ప్రష్యా పాలకులకు ఇదీ రుచించలేదు. మతంపై 1793లో వచ్చిన పుస్తకానికి మరుసటి ఏడాది రెండో ఫ్రెడరిక్ విలియం రాజు పేర మందలింపు వచ్చింది. ఇకపై మతం గురించి రాయనని కాంట్ మాటిచ్చాడు. 1797లో రాజు మరణించాక ఆ మాటకు గడువు తీరిందని భావించి, మందలింపునూ తన జవాబునూ 1798లో ప్రచురించాడు.