బాహుదా: ఆంధ్రాలో ఆరు కిలోమీటర్లే, అయినా ఇచ్ఛాపురానికి అదే దిక్కు

శ్రీకాకుళం జిల్లాకు ఉత్తరం కొసన, ఇచ్ఛాపురం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు డొంకూరు. ఇక్కడ ఎక్కువ మందికి చేపల వేటే బతుకు. ఈ తీరంలోనే, ఒడిశా సరిహద్దు దగ్గర, బాహుదా నది బంగాళాఖాతంలో కలుస్తుంది.

బాహుదా చిన్న నది. మొత్తం పొడవు 96 కిలోమీటర్లు. ఒడిశాలోని గజపతి జిల్లా లూబా గ్రామం దగ్గర తూర్పు కనుమల్లో పుడుతుంది. అక్కడి నుంచి ఈశాన్యంగా 55 కిలోమీటర్లు, తర్వాత ఆగ్నేయంగా 17 కిలోమీటర్లు పారి ఆంధ్రాలోకి వస్తుంది. మన రాష్ట్రంలో దాని నడక ఆరు కిలోమీటర్లే. ఇచ్ఛాపురం దాటాక సముద్రం దగ్గర్లోనే ఉన్నా నేరుగా అందులో కలవదు. మళ్లీ ఈశాన్యానికి తిరిగి, ఒడిశాలో మరో 18 కిలోమీటర్లు పారి సునాపూర్‌పేట దగ్గర కలుస్తుంది.

అంటే నది పుట్టుక ఒడిశాలో, మొగ కూడా ఒడిశాలోనే. మధ్యలో ఇచ్ఛాపురం. అందుకే నీళ్లు తక్కువైనా, ఎక్కువైనా ఈ ఊరు పైవైపు చూడాల్సిందే.

నీటి వాటా కోసం 1978 డిసెంబరులో రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఒడిశా ఏటా 1.5 టీఎంసీల బాహుదా నీటిని ఆంధ్రాకు వదలాలి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎగువన ఉపనది మీద భగలట్టి జలాశయం ఉంది.

తుఫాను రోజుల్లో కథ తిరగబడుతుంది. కొండల మీద కురిసిన వాన చిన్న నదిలోకి గంటల్లోనే దిగిపోతుంది. అదే సమయంలో సముద్రం పోటు మీద ఉంటే మొగ దగ్గర నీళ్లు బయటికి పోవు, వెనక్కి తన్నుతాయి. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లప్పుడు బాహుదా పొంగి ఇచ్ఛాపురం ప్రాంతం ఇబ్బంది పడింది.

వేసవిలో ఇంకో చిక్కు. ప్రవాహం తగ్గితే కెరటాలు తెచ్చిపోసే ఇసుకను తోసే బలం నదికి ఉండదు. ఇలాంటి చిన్న నదుల మొగలు పూడుకుపోతాయి, పక్కకు జరుగుతాయి. అప్పుడు పడవలు సముద్రంలోకి వెళ్లడం కష్టం. ఏటికీ కడలికీ మధ్య తిరిగే చేప, రొయ్య పిల్లలకూ దారి మూసుకుపోతుంది.

2023 మేలో ఇచ్ఛాపురం దగ్గర బాహుదా మీద ఉన్న బ్రిటిష్ కాలం నాటి వంతెన, బరువైన గ్రానైట్ లారీ వెళ్తుండగా కూలింది. ఈ నది ఎంత చిన్నదైనా రాకపోకలకు ఎంత ముఖ్యమో ఊరికి అప్పుడు తెలిసొచ్చింది.

తీరంలో వాన లేదని నిశ్చింతగా ఉండకూడదు. ఎగువ కొండల్లో గట్టి వాన పడిందని, భగలట్టి గేట్లు ఎత్తారని కబురు వస్తే, ఏటి ఒడ్డు పల్లపు ఇళ్లవాళ్లు వరద రాకముందే ముసలివాళ్లను, పిల్లలను, కాగితాలను మెరక ప్రాంతానికి చేర్చుకోవాలి.