విద్యుత్కారుకు వార్ధక్యం ఎక్కడ మొదలవుతుంది?

పాత కారు బేరానికి వచ్చినవాడు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని మైళ్ళు తిరిగింది?" అన్నదే. ఈ ప్రశ్న వెనుక నూరేళ్ళకు పైబడిన అనుభవం ఉంది. పెట్రోలు ఇంజనులో నిమిషానికి కొన్ని వేల విస్ఫోటనాలు జరుగుతాయి. పిస్టన్లు సిలిండరు గోడలను రాచుకుంటాయి, నూనె మసిబారుతుంది, బెల్టులూ వాల్వులూ తిరిగిన దూరానికి తగినట్లు అరుగుతాయి. కాబట్టి మైళ్ళే ఆ కారు వయస్సు. విద్యుత్కారు విషయంలో ఈ కొలబద్ద చాలవరకు పనికిరాదు. లక్ష మైళ్ళు తిరిగి కూడా దృఢంగా ఉన్న విద్యుత్కార్లు ఉన్నాయి. ముప్పై వేలకే డీలాపడినవీ ఉన్నాయి. ఈ వ్యత్యాసానికి కారణం తెలియకుండా కొన్నవారు నష్టపోయారు. తెలియక భయపడి కొనడం మానుకున్నవారు కూడా మరొక విధంగా నష్టపోయినవారే.

విద్యుత్ మోటారు అరిగే యంత్రం కాదు. అందులో తిరిగే భాగం ఒక్కటే, దానిని మోసేవి బేరింగులు. నూనె మార్పు, స్పార్కు ప్లగ్గులు, సైలెన్సరు అన్న ప్రసక్తే లేదు. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి చలనశక్తిని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది కనుక బ్రేకులు కూడా దీర్ఘకాలం మన్నుతాయి. వాడకం మరీ తక్కువై డిస్కులు తుప్పు పట్టడమే అక్కడ వచ్చే చిక్కు. అయితే బండి బరువు ఎక్కువ కావడం వల్ల టైర్లు త్వరగా అరుగుతాయి. ఇక తొలి తరం నమూనాలలో మోటారు కూడా నిర్దోషి కాదు. 2012లో వెలువడిన టెస్లా మోడల్ ఎస్ కార్లలో కొన్నింటికి బేరింగుల దగ్గర గరగర శబ్దం బయలుదేరి మోటారు మొత్తాన్ని మార్చవలసి వచ్చింది. 2014 ఆగస్టులో ఆ సంస్థ మోటారుకు మైళ్ళ పరిమితి లేకుండా ఎనిమిదేళ్ళ వారంటీ ప్రకటించింది.

అసలు ప్రశ్న బేటరీదే. "బేటరీ అయిదేళ్ళకు పోతుంది" అన్న అభిప్రాయం మనవారిలో గట్టిగా నాటుకుని ఉంది. దానికి కారణం లేకపోలేదు. ఇంట్లో ఇన్వర్టరుకు తగిలించిన సీసపు బేటరీని మూడు నాలుగేళ్ళకొకసారి మార్చుకోవడం ఆంధ్రదేశంలో ఇంటింటి అనుభవం. 2001లో బెంగుళూరులో తయారై, తరువాత లండను వీధులలో కూడా తిరిగిన రేవా కారులో మొదట ఉన్నవి ఆ జాతి బేటరీలే. కాని నేటి కార్లలోని లిథియం అయాను బేటరీ నడత వేరు, దానికి వచ్చే ముసలితనం వేరు.

లిథియం అయాను ఘటంలో రెండు గట్లు ఉంటాయి. ఒక వైపు గ్రాఫైటు, మరొక వైపు లోహపు ఆక్సైడు గాని ఇనుప ఫాస్ఫేటు గాని. మధ్య విద్యుద్విశ్లేష్య ద్రవం. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు గ్రాఫైటు గట్టుకు చేరుతాయి. కారు నడిచేటప్పుడు ఆవలి గట్టుకు మరలిపోతాయి. ఈ రాకపోకలలో పాల్గొనే లిథియం ఎంత ఉంటే బేటరీ సామర్థ్యం అంత. కొత్త బేటరీని మొదటిసారి ఛార్జి చేసినప్పుడే గ్రాఫైటు మీద, కాచిన పాల మీద మీగడ కట్టినట్లు, ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర అవసరమే. అది లేకపోతే ద్రవం గ్రాఫైటు తాకిడికి నిరంతరం విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. కాని అది ఒకసారి ఏర్పడి ఊరుకోదు. ఏళ్ళు గడిచినకొద్దీ మెల్లమెల్లగా మందమవుతుంది. దానిలో చిక్కుకున్న లిథియం మళ్ళీ రాకపోకలకు పనికిరాదు.

ఈ పొర పెరగడానికి కారు కదలనక్కరలేదు. గరాజులో నిలిపి ఉంచినా పెరుగుతుంది. ఉష్ణోగ్రత హెచ్చితే రసాయన చర్య వేగం హెచ్చుతుంది కనుక వేడిలో త్వరగా పెరుగుతుంది. బేటరీని నూటికి నూరు శాతం నింపి అట్టే పెట్టినా అంతే. వాడకం వల్ల వచ్చే అరుగుదల దీనికి అదనం. గడ్డకట్టే చలిలో వేగంగా ఛార్జి చేస్తే అయానులు గ్రాఫైటులోకి చొరలేక పైననే లోహంగా పేరుకుంటాయి. అందువల్లనే చలిదేశాలలో కార్లు ఛార్జింగుకు ముందు బేటరీని వెచ్చబెట్టుకుంటాయి. చలికాలంలో కారు వెళ్ళగల దూరం తగ్గిపోవడం వేరు విషయం. అది తాత్కాలికం, వసంతం రాగానే తిరిగి వస్తుంది. వేడి తీసుకుపోయినది మాత్రం తిరిగి రాదు.

ఈ సత్యాన్ని తమ సొమ్ముతో నేర్చుకున్నవారు ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్సు నగరవాసులు. నిస్సాన్ సంస్థ లీఫ్ కారు అమెరికాలో 2010 డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. బేటరీ 24 కిలోవాటు గంటలు, అంటే ఇంటి కరెంటు బిల్లు భాషలో 24 యూనిట్లు. పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం ఒక ఛార్జికి 73 మైళ్ళు నడుస్తుంది. నిర్మాణ వ్యయం తగ్గించేందుకు ఆ బేటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టలేదు. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉంటే బేటరీ కూడా అంత వేడిగా ఉంటుంది. విజయవాడలో, రామగుండంలో మే నెల ఎండ చవిచూసినవారికి ఫీనిక్సు ఎండను వేరుగా వర్ణించనక్కరలేదు. 2023లో అక్కడ వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. అటువంటి ఊరిలో తారు రోడ్డు మీద నిలిపిన కారు అడుగున ఉన్న బేటరీ, రాత్రివేళ కూడా చల్లారదు.

లీఫ్ కారులో బేటరీ సామర్థ్యాన్ని చూపే 12 గళ్ళు ఉంటాయి. మొదటి గడి ఆరిపోయిందంటే సుమారు 15 శాతం సామర్థ్యం పోయినట్లు. తరువాతివి ఒక్కొక్కటి 6 శాతం పైచిలుకు. ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. మొదటి గడి ఆరేవరకు యజమానికి అంతా సవ్యంగానే కనబడుతుంది! అయిదేళ్ళకు 80 శాతం, పదేళ్ళకు 70 శాతం మిగులుతుందని సంస్థ అంచనా చెప్పింది. కాని 2012 వేసవి నాటికే, కొని రెండేళ్ళయినా నిండకుండా, ఫీనిక్సులో గళ్ళు ఆరిపోసాగాయి. అదే కారు, అదే ఏడాది తయారైనది, చల్లని సియాటిల్ నగరంలో నిక్షేపంగా ఉంది. 73 మైళ్ళ కారులో అయిదో వంతు పోతే మిగిలేది 58. ఉదయం పాతిక మైళ్ళు పోయి సాయంత్రం పాతిక మైళ్ళు రావలసిన ఉద్యోగికి, ఎండలో ఎయిర్ కండిషనరు వేసుకుంటే, ఇల్లు చేరడం అనుమానమే. యజమానుల ఆందోళన ఫలితంగా 2012 డిసెంబరులో నిస్సాన్ ఒక వారంటీ ప్రకటించింది. అయిదేళ్ళలోపు లేదా 60,000 మైళ్ళలోపు గళ్ళు తొమ్మిది కంటె తగ్గితే బేటరీని బాగుచేయడమో మార్చడమో తమ బాధ్యత అన్నది దాని సారాంశం. పాత కార్లకు సైతం అది వర్తించింది. 2014లో, వారంటీ చెల్లనివారికి, పాత బేటరీ తిరిగి ఇచ్చే షరతు మీద 5,499 డాలర్లకు కొత్త బేటరీ అమ్మజూపింది.

ఐడహో జాతీయ ప్రయోగశాలవారు ఫీనిక్సులోనే నాలుగు లీఫ్ కార్లను పరీక్షించారు. రెండింటిని మామూలు ఛార్జింగుతో, రెండింటిని వేగవంతమైన ఛార్జింగుతో నడిపారు. 50,000 మైళ్ళు తిరిగేసరికి రెండు జతలూ నాలుగో వంతుకు అటూ ఇటూగా సామర్థ్యం కోల్పోయాయి. వేగపు ఛార్జింగు కొంచెం ఎక్కువ హాని చేసిన మాట నిజమే. కాని ఆ తేడా ఎండ చేసిన హాని ముందు స్వల్పం. బేటరీని ద్రవంతో చల్లబరచడం ఇతర సంస్థలలో మామూలు పద్ధతి అయిన తరువాత కూడా లీఫ్ చాలాకాలం ఆ దారికి రాలేదు. తుదకు 2026 నమూనాతో, తొలి కారు వచ్చిన పదిహేనేళ్ళకు, ద్రవ శీతలీకరణ వచ్చి చేరింది.

ద్రవంతో చల్లబడే బేటరీల చరిత్ర ఇంత విషాదకరం కాదు. వేల కార్ల సమాచారం సేకరించిన జియోటాబ్ అనే సంస్థ 2024లో ప్రకటించిన సగటు నష్టం ఏటా 1.8 శాతం. ఆ లెక్కన పదేళ్ళ తరువాత మిగిలేది సుమారు 82 శాతం. 250 మైళ్ళు వెళ్ళే కారు 205 మైళ్ళు వెళుతుంది. చాలామందికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. బేటరీ పెద్దదైతే మరొక లాభం ఉంది. ఒక బేటరీ వెయ్యి సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయిందనుకుంటే, 73 మైళ్ళ కారు 73,000 మైళ్ళు తిరిగినట్లు, 250 మైళ్ళ కారు రెండున్నర లక్షల మైళ్ళు తిరిగినట్లు. అదే దూరానికి పెద్ద బేటరీ పడే శ్రమ తక్కువ. పైగా ప్రయోగశాలల లెక్కలు సైతం కొంత నిరాశావాదంతో కూడినవని 2024 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. ఒకే ధారగా విద్యుత్తును తోడడం కంటె, రోడ్డు మీద మాదిరిగా ఆగుతూ సాగుతూ తోడితే ఘటాల ఆయుష్షు 38 శాతం వరకు పెరిగింది. ట్రాఫిక్కులో చిక్కుకుని విసుక్కునేవారికి ఇది కొంత ఊరట.

మరి రోడ్డు మీద ఆగిపోయిన విద్యుత్కార్ల సంగతి ఏమిటి? వాటిలో చాలా భాగం వార్ధక్యం వల్ల ఆగినవి కావు. షెవర్లే బోల్ట్ కార్లలో ఘటాల తయారీలోనే రెండు లోపాలు ఒకే ఘటంలో కలిసినప్పుడు మంటలు పుట్టాయి. 2020, 2021 సంవత్సరాలలో దశలవారీగా మొత్తం 1,40,000 పైచిలుకు కార్లను వెనక్కు పిలిచారు. ఇంటికి దూరంగా ఆరుబయట నిలపండని యజమానులకు చెప్పవలసిన దుస్థితి వచ్చింది. కాని చివరకు అనేకమందికి పాత కారులో సరికొత్త బేటరీ వచ్చింది. 2021లో టెస్లా సుమారు 1,35,000 కార్లను వెనక్కు పిలవడానికి కారణం మరీ చిన్నది. తెరను నడిపే కంప్యూటరులోని జ్ఞాపకపు చిప్పు, పదేపదే వ్రాయడం వల్ల అరిగిపోయింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, గణనయంత్రానికి మతిమరుపు వచ్చింది. హ్యుందాయ్, కియా కార్లలో ఛార్జింగును నియంత్రించే పరికరం చెడి, పక్కనున్న చిన్న 12 వోల్టుల బేటరీ నిండక, కారు దారిలో శక్తి కోల్పోయే ప్రమాదం ఏర్పడింది. 2024 మార్చిలో అమెరికాలో దాదాపు 1,47,000 కార్లను పిలిచి సరిచేయవలసి వచ్చింది. 70, 80 యూనిట్ల పెద్ద బేటరీ నిండుగా ఉండగా, గుప్పెడు శక్తి గల చిన్న బేటరీ కారును ఆపివేయడం విడ్డూరమే.

వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 2023లో, పెట్రోలు కార్ల కంటె విద్యుత్కార్లలో 79 శాతం ఎక్కువ ఇబ్బందులు నమోదైనట్లు ప్రకటించింది. 2024లో అది 42 శాతానికి తగ్గింది. యంత్రం సరళమైనా ఇబ్బందులు ఎక్కువ కావడం వైరుధ్యంగా కనిపించవచ్చు. కొత్త నమూనాలు, కొత్త కర్మాగారాలు, తలుపు పిడికి సైతం ఎలక్ట్రానిక్సు తగిలించే ఉత్సాహం ఇందుకు కారణాలు. ఒక నమూనా బయటికి వచ్చిన మొదటి ఏడాదే కొనడం ఎప్పుడూ సాహసమే.

ధర విషయంలో మరొక దెబ్బ ఉంది. లక్ష టెస్లా కార్లు కొంటామని 2021లో ఘనంగా ప్రకటించిన హెర్ట్జ్ అద్దెకార్ల సంస్థ, 2024 జనవరిలో 20,000 విద్యుత్కార్లను అమ్మివేస్తున్నట్లు తెలిపింది. ప్రమాదం జరిగితే బాగుచేయడానికి అయ్యే ఖర్చు, పడిపోయిన పునర్విక్రయ ధర అందుకు చెప్పిన కారణాలు. కొత్త కార్ల ధరలు తగ్గించినప్పుడల్లా పాతవాటి విలువ కూలింది. మొదటి యజమాని పోగొట్టుకున్నది రెండవ యజమానికి లాభించింది. కొత్త కారుకు 7,500, పాతదానికి 4,000 డాలర్ల వరకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. కనుక ఆ అంకెను మనసులో పెట్టుకుని పాత లెక్కలు వేయరాదు.

పాత విద్యుత్కారు కొనబోయేవారు మైళ్ళ ప్రశ్నను రెండవ స్థానానికి నెట్టి, ముందుగా ఆ కారు ఏ ఊరిలో పెరిగిందో అడగాలి. బేటరీకి ద్రవ శీతలీకరణ ఉందా అన్నది తరువాతి ప్రశ్న. సామర్థ్యం ఎంత మిగిలిందో చెప్పే సాధనాలు చౌకగానే దొరుకుతాయి. అయితే పాత లీఫ్ కార్లలో నియంత్రణ వ్యవస్థను రీసెట్ చేసి గళ్ళన్నీ నిండుగా చూపి అమ్మిన మోసాలు కూడా జరిగాయి కాబట్టి, పూర్తిగా ఛార్జి చేయించి ఒక నలభై మైళ్ళు నడిపి చూడడం ఉత్తమం. సాధారణంగా వారంటీ ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళు, ఏది ముందైతే అది. అందులో సామర్థ్యం 70 శాతం కంటె తగ్గితేనే మార్పిడి. 71 శాతం దగ్గర ఆగిపోయిన బేటరీకి సంస్థ ఏమీ చేయదు. తన నిత్య ప్రయాణం ఆ 71 శాతంలో, చలికాలంలో సైతం, ఇముడుతుందా అన్నది లెక్క కట్టుకోవలసినది కొనేవారే. వెళ్ళే దూరం తక్కువైనవారికి నలిగిన లీఫ్ కూడా చవకైన మంచి బండి కావచ్చు.

కారు మోయలేనంతగా అలసిన బేటరీ సైతం నిరుపయోగం కాదు. కొండ ఎక్కలేకపోయినా, నెమ్మదిగా నింపి నెమ్మదిగా తోడుకునే పనికి అది చాలు. ఆంస్టర్‌డాంలోని యోహాన్ క్రైఫ్ ఫుట్‌బాల్ మైదానంలో 2018 నుంచి, 148 లీఫ్ కార్ల బేటరీలకు సమానమైన నిల్వ వ్యవస్థ, కొత్తవీ పాతవీ కలిపి కూర్చినది, కప్పు మీది సౌరఫలకాల విద్యుత్తును దాచిపెట్టి ఆటల రాత్రులలో వాడుకలోకి తెస్తోంది.