పెద్దాపరేషన్ తర్వాత నలభై రెండు రోజులు

అత్తిలి, తాడేపల్లిగూడెం వైపు ఇళ్లలో 'పెద్దాపరేషన్ చేశారు' అంటే ఇప్పుడెవరూ ఉలిక్కిపడరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 63. దేశం మొత్తమ్మీద 21.5. కోత ఇంత మామూలైపోయినా, ఇంటికొచ్చాక పెట్టే పథ్యం మాత్రం మంత్రసానుల కాలం నాటిదే.

అందులో మొదటి చిక్కు నీళ్లు. తాగితే కుట్లు చీము పడతాయని పచ్చి బాలింతకు గుక్కలు లెక్కపెట్టి ఇస్తారు. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, నీళ్లు కాదు. నీళ్లు తగ్గితే విరేచనం గట్టిపడుతుంది, ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి. పాలిచ్చే తల్లికి దాహమూ ఎక్కువే. వెల్లుల్లికారం అన్నం పెట్టండి, తప్పులేదు. దాంతోపాటు పప్పు, గుడ్డు, ఆకుకూర, దొరికితే కొల్లేరు కొర్రమీను పులుసు కూడా పెట్టాలి. తెగిన కండ అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు మానకూడదు.

రెండో చిక్కు మంచం. "కదలకమ్మా, కుట్లు ఊడతాయి" అనే మాట ప్రేమతో అన్నదే. కానీ కాన్పు రోజుల్లో రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. కాళ్లలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆసుపత్రిలో ఒక రోజులోపే లేపి నడిపిస్తారు. ఎలా లేవాలో ఇంట్లోవాళ్లకూ తెలియాలి. ముందు మోకాళ్లు మడిచి ఒక పక్కకు ఒత్తిగిల్లాలి, కాళ్లు మంచం కిందికి జార్చాలి, మోచేతి మీద బలం వేసి లేవాలి. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. ఆరు వారాలదాకా బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. నీళ్ల బిందె అసలే వద్దు.

పుట్టింట్లో ఉండే రోజుల్లో వంటకూ చాకిరీకీ అమ్మ ఉంటుంది. బాలింతకు అంతకు మించిన వైద్యం లేదు. అమ్మ కంట్లో పడాల్సినవి కొన్నున్నాయి: జ్వరం, కుట్లు ఎర్రబడి రసి కారడం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టడం, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ అయితే, 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడు రోజులదాకా భోజనం ఉచితం. ఇంటికొచ్చాక ఏడో రోజు నుంచి నలభై రెండో రోజు వరకు ఆశా కార్యకర్త ఐదుసార్లు వచ్చి తల్లీబిడ్డల్ని చూడాలి. మళ్లీ కాన్పు సంగతి, కనీసం రెండేళ్ల ఎడం సంగతి భార్యాభర్తలిద్దరూ ఆమెను ఆ రోజుల్లోనే అడగొచ్చు.