చాటింపు విలువ

చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో పూర్వము డప్పు చాటింపు వినబడినచో జనులు పని మాని చెవియొగ్గుచుండిరి. ఏలన, ఆ డప్పు ఊరక మ్రోగెడిది కాదు. నేడది ప్రతివాని జేబులోనికి వచ్చి వేళాపాళా లేక మ్రోగుచున్నది.

అది మ్రోగు విధమిది. యాప్‌ను ఫోనులో నిలిపి తెరచినంతనే 'టోకెన్' అను విలాసమొకటి ఏర్పడును. సంస్థవారి సర్వరు తన వార్తను ఏపీఐ అను ద్వారమున గూగుల్ వారి ఫైర్‌బేస్ సేవకో, ఆపిల్ వారి సేవకో అప్పగించును. వారు దానిని ఆ విలాసమునకు చేర్తురు. ఫైర్‌బేస్ ద్వారా పంపుటకు రుసుము లేదు. చిక్కంతయు అచ్చటనే యున్నది!

పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారి 'దామిని' యాప్ 20 నుండి 40 కిలోమీటర్ల లోపలి పిడుగుల జాడను తెలుపును. టమాటా తోటలోనున్న చేవెళ్ల రైతునకది ప్రాణముతో ముడిపడిన వార్త. ఉదయమునుండి పదిమారులు చీరల తగ్గింపు ధరలు చాటిన ఫోనును అతడు నమ్మి చూచునా?

ఉపాయము లేకపోలేదు. 2017లో ఆండ్రాయిడ్ 8 సూచనలకు వేర్వేరు 'ఛానెళ్ల'ను ఏర్పరచెను. 2022లో ఆండ్రాయిడ్ 13, క్రొత్తగా చేర్చిన యాప్ యజమాని యనుమతి లేక సూచనలు పంపరాదని కట్టడి చేసెను. అయినను నిర్మాతలు ప్రకటనను, పైకము ముట్టిన వార్తను, ప్రమాద హెచ్చరికను ఒకే ఛానెలున కట్టినచో, గృహస్థు ఒకదానిని మూయబోయి అన్నిటిని మూయును. వీనిని విడదీయుట ప్రోగ్రామరునకు కొన్ని పంక్తుల పని. చేయకుండుట బద్ధకము కాదు, వ్యాపారమని మా యనుమానము.